శ్రీశైలానికి టెంపో ట్రావెలర్: కిలోమీటరు లెక్కా, ప్యాకేజీనా?

మియాపూర్ కాలనీ
పదిహేను మందిమి, అందులో నలుగురు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు. శుక్రవారం రాత్రి 10కి బయల్దేరి ఆదివారం రాత్రి 11 లోపు ఇల్లు చేరాలని అనుకుంటున్నాం. 17 సీట్ల ఏసీ బండికి రెండు రేట్లు వచ్చాయి. ఒకాయన కిలోమీటరుకు 24 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా రోజుకు 500 అన్నారు. టోల్, పార్కింగ్ మావే. బండి ఉండే షెడ్డు హయత్‌నగర్‌లో ఉంది. ఇంకొకాయన అన్నీ కలిపి 19,000 అన్నారు. కాలనీలో సగం మంది ఇటు, సగం మంది అటు. ఏది మేలు?

లెక్కల మాస్టారు
ప్యాకేజీయే తీసుకోండి. ట్రావెల్స్ వాళ్లకు రోజంటే 24 గంటలు కాదు, తేదీ. శుక్రవారం రాత్రి 10 నుంచి 12 దాకా తిరిగిన రెండు గంటలకు కూడా ఒక రోజు పడుతుంది. అంటే శుక్ర, శని, ఆది మూడు రోజులు. 900 కిలోమీటర్లకు 21,600, బత్తా 1,500, మొత్తం 23,100. టోల్, పార్కింగ్ పైన. మీరు నిజంగా తిరిగేది అందులో మూడింట రెండు వంతులే. తిరగని దూరానికి డబ్బెందుకు కట్టాలి?

నల్లమల
మాస్టారూ, మీ కూడిక తప్పు కాదు కానీ అసలు ఆ ప్రయాణమే కుదరదు. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కి తీస్తారు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట వాహనాలు వదలరు. పదింటికి బయల్దేరితే ఒంటిగంటన్నరకల్లా గేటు ముందుంటారు. ఆ తర్వాత నాలుగున్నర గంటలు పెద్దవాళ్లు సీట్లలో కూర్చునే తెల్లవారాలి.

శనివారం తెల్లవారుజామున 3కి బయల్దేరండి, గేటు తీసే వేళకు అక్కడుంటారు. అప్పుడు తేదీలు రెండే. 600 కిలోమీటర్లకు 14,400, బత్తా 1,000, మొత్తం 15,400. తిరుగు ప్రయాణంలోనూ 9 లోపు మన్ననూరు దాటాలి. అడవికి శ్రీశైలం వైపున్న దోమలపెంట దగ్గరా అదే వేళకు ఆపేస్తారు. అందుకే ఆదివారం సాయంత్రం 5కల్లా శ్రీశైలం వదలండి.

హయత్‌నగర్ బండి
నాకు రెండు ట్రావెలర్లు ఉన్నాయి, కాబట్టి ఓనర్ల వైపు నుంచి చెప్తా. కిలోమీటరు లెక్క షెడ్డు నుంచి షెడ్డుకు. హయత్‌నగర్ నుంచి మియాపూర్ రానుపోను 80 దాకా అవుతుంది. మియాపూర్ నుంచి శ్రీశైలం రానుపోను 460. సాక్షి గణపతి, శిఖరం, పాలధార పంచధార, పాతాళగంగ కలిపి 40 వేసుకోండి. మొత్తం 580. కనీస దూరం 600 లోపే ఉంది కాబట్టి ఈ ట్రిప్పుకు షెడ్డు దూరం మీ జేబు మీద పడదు. అదే తిరుపతి అయితే కనీస దూరం దాటిపోతుంది, అప్పుడు షెడ్డు దగ్గరున్న బండే చూసుకోవాలి.

ప్యాకేజీలో "అన్నీ" అంటే ఏమేం వస్తాయో అడిగారా? శ్రీశైలం ఆనకట్ట దాటగానే ఆంధ్రప్రదేశ్. తెలంగాణ బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా, లేకపోతే ఏపీ పన్ను ఎవరు కడతారు? గొడవ ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

ఘాట్ మెకానిక్
డబ్బు లెక్క బాగానే ఉంది. కిరాయి పద్ధతిని బట్టి డ్రైవర్ బండి నడిపే తీరు మారుతుందని మాత్రం ఎవరూ అనడం లేదు. ప్యాకేజీలో డీజిల్ ఓనర్‌ది. ఏసీతో ఈ బండి లీటరుకు తొమ్మిది, పది ఇస్తుంది. మిగిలిన ప్రతి లీటరూ లాభం కాబట్టి ఎక్కుడులో ఏసీ ఆపేస్తారు, దిగుడులో న్యూట్రల్ వేస్తారు.

ఈగలపెంట దాటాక ఆనకట్ట దాకా వరుస మలుపులతో దిగుడు. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో పదిహేను మంది, సామాను బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేక్ లైనర్లు కాలతాయి, తేమ పట్టిన పాత బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది. ఇంజన్ కూడా ఆపేస్తే బ్రేక్ బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. మాడిన లైనర్ వాసన వస్తే బండి పక్కకు తీయించి ఇరవై నిమిషాలు ఆపించండి. వేడి బ్రేక్ డ్రమ్ములపై నీళ్లు పోయనివ్వకండి, పగుళ్లు వస్తాయి. 2021 ఫిబ్రవరిలో అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. ఘాట్ దిగుడుతో ఆటలు వద్దు.

అందుకే నేను ప్యాకేజీకి వ్యతిరేకిని.

లెక్కల మాస్టారు
గేటు సంగతి నాకు తెలియదు, నల్లమల గారికి ధన్యవాదాలు. కానీ మెకానిక్ గారూ, మీ వాదన ఈ కిలోమీటరు లెక్కకూ వర్తిస్తుంది కదా? 600కి డబ్బు ముందే ఖాయం, తిరిగేది 580. డీజిల్ ఓనర్‌దే. ఆదా చేసిన లీటరు ఇక్కడా ఆయనకే మిగులుతుంది. కనీస దూరం దాటని ట్రిప్పులో కిలోమీటరు రేటన్నది పేరుకే, అదీ ప్యాకేజీయే.

ఘాట్ మెకానిక్
నిజమే, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు మూడో దారి పట్టండి. బండికి రోజు అద్దె, డీజిల్ మనదే. రోజుకు 5,000 అనుకుంటే రెండు రోజులకు 10,000. 580 కిలోమీటర్లకు 58 లీటర్లు, లీటరు 96 అనుకుంటే 5,568. బత్తా 1,000తో కలిపి పదహారున్నర వేలు. వెయ్యి ఎక్కువైనా ఏసీ ఆపమని, న్యూట్రల్ వేయమని డ్రైవర్‌ను తొందరపెట్టేవాళ్లు ఉండరు.

హయత్‌నగర్ బండి
ఆ పద్ధతి మాకూ ఇష్టమే, కానీ ట్యాంకు దగ్గర పేచీ వస్తుంది. ఫుల్ ట్యాంకుతో ఇచ్చి ఫుల్ ట్యాంకుతో తీసుకోవాలంటే మొదలు, చివర ఒకే బంకులో, నాజిల్ దానంతటది ఆగేదాకానే పోయించాలి. ఇంకో రెండు లీటర్లు కుక్కితే లెక్క పోతుంది. ఏ పద్ధతైనా కిలోమీటర్ల మీటర్ ఫోటో మొదట ఒకటి, చివర ఒకటి తీసుకోండి.

ఇంకొక మాట. ప్యాకేజీ చెప్పేవాళ్లలో చాలామంది ఓనర్లు కారు, మధ్యవర్తులు. అడ్వాన్స్ తీసుకుని చివరి రాత్రి దొరికిన బండి పంపిస్తారు. బండి నంబరు ముందే తీసుకుని ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో చూడండి. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్ తేదీలు, సీట్ల సంఖ్య కనిపిస్తాయి. తెల్ల ప్లేటు బండి ఎంత చవకైనా వద్దు. కిరాయికి తిప్పే పర్మిట్ దానికి ఉండదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుంది.

నల్లమల
టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గీతలు బాగున్నా అంత పాత టైరుతో ఘాట్ ఎక్కొద్దు. స్టెప్నీకీ అదే లెక్క.

మియాపూర్ కాలనీ
అయితే తెల్లవారుజామున 3కే బయల్దేరతాం. కిలోమీటరు లెక్క చెప్పినాయన్నే రోజు అద్దెకు అడుగుతాను. ఒప్పుకోకపోతే 24 రూపాయలకే, ఏసీ ఘాట్‌లోనూ నడవాలి, దిగుడు గేరులోనే దిగాలి అని వాట్సాప్‌లో రాయించుకుంటాను. ఒక్క డ్రైవర్ సరిపోతాడా?

హయత్‌నగర్ బండి
ఈ దూరానికి ఒక్కరు చాలు. చట్టం ప్రకారం మామూలుగా రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి అరగంట విశ్రాంతి. మీ ట్రిప్పు అందులో పడుతుంది. భయపడాల్సింది శుక్రవారం రాత్రి గురించే. 3కి మీ కాలనీ గేటు ముందుండాలంటే డ్రైవర్ ఒకటిన్నరకే షెడ్డులో లేవాలి. అదే బండి, అదే డ్రైవర్ శుక్రవారం సాయంత్రం పెళ్లి ట్రిప్పు చేసి వస్తే ఆ మనిషికి నిద్రే ఉండదు. ముందు రోజు బండి ఎక్కడుందో అడగండి, జీపీఎస్ లొకేషన్ చూపించమనండి. తెల్లవారుజాము డ్యూటీకి నైట్ బత్తా వేరుగా ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.

శనివారం రాత్రి శ్రీశైలంలో డ్రైవర్‌కు ఒక మంచం చూడండి. చాలా పార్టీలు, అంటే బండి కిరాయికి తీసుకునేవాళ్లు, ఇది మర్చిపోతారు. బండిలో పడుకుంటే దోమలు, ఉక్క, మధ్యలో పార్కింగ్ వాళ్లు లేపడం. ఆదివారం సాయంత్రం అడవి రోడ్డులో మిమ్మల్ని తీసుకొచ్చేది ఆ మనిషే. శుక్రవారం బండి నంబరుతో పాటు డ్రైవర్ ఫోన్ నంబరు కూడా తీసుకుని, ఎనిమిదింటికల్లా పడుకోమని మీరే చెప్పండి. మేం చెబితే సరే అంటాడు, పార్టీ చెబితే పడుకుంటాడు.