ప్లేస్టేషన్ 5 ఆటలు క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో: నెట్ వేగం ఉన్నా బొమ్మ ఎందుకు ఆగి ఆగి వస్తోంది?

బందరు కాలువ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో రెండు పడక గదుల ఫ్లాటు. ప్లేస్టేషన్ 5 హాల్లో టీవీ కింద ఉంటుంది. సాయంత్రం 7 నుంచి 10 దాకా ఆ టీవీ అమ్మది. పొద్దుటి నుంచి ఇంటి పనితో అలసిపోయిన మనిషి సీరియళ్లు చూసుకునే వేళ అడ్డం పడటం నాకు ఇష్టం లేదు, కానీ ఆఫీసు నుంచి వచ్చాక నాకు తీరిక దొరికేదీ ఆ మూడు గంటలే. డాలస్‌లో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ, తలకు తగిలించుకుంటే కళ్ల ముందు పెద్ద తెర కనిపించే క్వెస్ట్ 3 హెడ్‌సెట్ తెచ్చి ఇచ్చాడు. నా పడక గదిలో కూర్చుని, హాల్లోని కన్సోల్ ఆటలను ఆ హెడ్‌సెట్‌లో పెద్ద తెర మీద ఆడుకోవాలన్నది నా కోరిక.

కన్సోల్‌లో నడిచే ఆటను నెట్‌వర్క్ మీద మరో పరికరంలో ఆడించే సోనీ వారి రిమోట్ ప్లే యాప్ ఈ హెడ్‌సెట్‌కు దొరకలేదు కాబట్టి, చియాకీ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఆండ్రాయిడ్ రూపాన్ని ఎక్కించాను. కన్సోల్ సెట్టింగ్స్‌లో రిమోట్ ప్లే ఆన్ చేసి, అది చూపించిన 8 అంకెల కోడ్ ఇవ్వగానే జత కుదిరింది. మొదటిసారి గోడంత తెర మీద ఆట కనబడినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. అయితే పది పదిహేను సెకన్లకొకసారి బొమ్మ బిగుసుకుపోతోంది, శబ్దం తెగిపోతోంది, తెర మీద రంగు గళ్లు పరుచుకుంటున్నాయి. నేను ఎక్కువగా ఆడేది క్రికెట్. బంతి పిచ్ మీద పడి లేచిందని చూసి బటన్ నొక్కితే, అది వికెట్ కీపర్ చేతిలో పడ్డాక మా బ్యాట్స్‌మన్ బ్యాటు ఊపుతున్నాడు.

మా నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్. హెడ్‌సెట్ బ్రౌజర్‌లోనే వేగం పరీక్షిస్తే 180 దాకా చూపించింది. నెట్ కంపెనీ వారికి ఫోన్ చేస్తే 500 ప్లాన్ తీసుకోమన్నారు. ప్లాన్ మార్చాలా, రౌటర్ మార్చాలా, లేక ఈ పద్ధతే పనికిరాదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు వాసి

బందరు కాలువ గారూ, ప్లాన్ మాత్రం మార్చకండి, ఆ డబ్బు వృథా అవుతుంది. మీ కన్సోల్, మీ హెడ్‌సెట్ ఒకే ఇంట్లో ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నప్పుడు ఆట బొమ్మ బయటి నెట్‌లోకి వెళ్లనే వెళ్లదు. అది హాల్లోంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి మీ గదికి వస్తుంది, అంతే. క్లౌడ్ గేమింగ్ సంగతి వేరు. 2023 డిసెంబరులో క్వెస్ట్‌కు వచ్చిన ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ లాంటి వాటిలో ఆట ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది కాబట్టి అక్కడ ప్లాను, దూరమూ లెక్కలోకి వస్తాయి. మీ విషయంలో లెక్కలోకి వచ్చేది మీ ఇంటి గాలి, అంటే ఇంట్లోని వైఫై, ఒక్కటే.

రిమోట్ ప్లేకి కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలని, మంచి నాణ్యతకు 15 ఉంటే మేలని సోనీ చెబుతుంది. మీకు 180 వస్తోంది, అంటే పన్నెండు రెట్లు. అయినా బొమ్మ ఎందుకు ఆగుతోందంటే, వేగ పరీక్ష చూపేది కొన్ని సెకన్ల సగటు. మధ్యలో అర సెకను పాటు ఏమీ రాకపోయినా ఆ సగటు పెద్దగా తగ్గదు. ఆట సెకనుకు 60 ఫ్రేములు (విడి చిత్రాలు) పంపుతుంది, అంటే ఒక్కో ఫ్రేముకు ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. సినిమా చూసేటప్పుడు ముందుగానే కొంత భాగం దాచిపెట్టుకునే వీలుంటుంది కాబట్టి అర సెకను అంతరాయం మనకు తెలియదు. ఆటలో తర్వాతి ఫ్రేము మీరు నొక్కే బటన్లను బట్టి అప్పటికప్పుడు పుడుతుంది, ముందుగా దాచుకోవడానికి ఏమీ ఉండదు, అందువల్ల అదే అర సెకనులో 30 ఫ్రేములు పోతాయి. మీరు చూస్తున్న రంగు గళ్లు అవే.

రెండు సంగతులు చెప్పండి. కన్సోల్ రౌటర్‌కు వైరుతో కలిసి ఉందా, వైఫైతోనా? రౌటర్ ఇంట్లో సరిగ్గా ఎక్కడ ఉంది?

బందరు కాలువ

ధన్యవాదాలండి. కన్సోల్ కూడా వైఫై మీదే ఉంది. ఫైబర్ వేయడానికి వచ్చిన కుర్రాడు రౌటర్‌ను గుమ్మం దగ్గర కరెంటు మీటరు బోర్డు పక్కన, చెప్పుల స్టాండు పైన బిగించి వెళ్లాడు. అక్కడి నుంచి నా గదికి మధ్యలో రెండు గోడలు ఉన్నాయి. నా గది వైపు గోడకు ఇనుప బీరువా కూడా ఆనించి ఉంది. వైఫైలో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో వస్తున్నాయి.

ఓరుగల్లు వాసి

అయితే జబ్బు అక్కడే ఉంది. కన్సోల్, హెడ్‌సెట్ రెండూ వైఫై మీద ఉంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, ఒకసారి కన్సోల్ నుంచి రౌటర్‌కు, మరోసారి రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కు. ఒకే చానెల్ మీద ఒకేసారి ఇద్దరు మాట్లాడలేరు కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగాలి. ఆ వేళకే మీ అమ్మగారి ఫోను, పక్క ఫ్లాటు వారి రౌటరు కూడా అదే గాలిని పంచుకుంటుంటాయి. కన్సోల్‌కు లాన్ కేబుల్ వేస్తే ఆ ప్రయాణాల్లో ఒకటి పూర్తిగా తగ్గిపోతుంది. అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే. క్యాట్ 6 కేబుల్‌ను గోడ అంచు వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ టీవీ దాకా తేవచ్చు, గోడ పగలగొట్టనక్కర్లేదు.

ఆ తర్వాత రౌటర్‌లో 2.4కూ 5కూ వేర్వేరు పేర్లు పెట్టి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మాత్రమే కలపండి. పేరు ఒకటే అయితే, గోడల అవతల సిగ్నల్ కొంచెం తగ్గగానే హెడ్‌సెట్ తనంతట తానే 2.4కు జారుకోవచ్చు. మీ కంట్రోలర్ బ్లూటూత్ కూడా ఆ 2.4 లోనే పనిచేస్తుంది కాబట్టి, బొమ్మా బటన్లూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయి. చానెల్‌ను ఆటోమేటిక్‌లో వదలకుండా 36 నుంచి 48 లోపు ఒకటి ఎంచుకోండి. 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లను రాడార్లు కూడా వాడుకుంటాయి, రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ చానెల్ వదిలి పోవాలన్నది నియమం.

5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడలు దాటే శక్తి తక్కువ, ఇనుప బీరువాను దాటే శక్తి ఇంకా తక్కువ. బీరువాను జరపలేకపోతే, రౌటర్ నుంచి మరో కేబుల్ మీ గదికి లాగి అక్కడ ఆ కేబుల్ నుంచి వైఫై ఇచ్చే చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టుకోండి. వైఫై సిగ్నల్‌నే పట్టుకుని మళ్లీ వెదజల్లే ఎక్స్‌టెండర్లు మాత్రం కొనవద్దు, అవి మనం తగ్గించిన గాలి ప్రయాణాన్ని మళ్లీ పెంచుతాయి.

సీలేరు

ఓరుగల్లు వాసి గారు చెప్పినదంతా సరైనదే. అయితే బ్యాటు ఆలస్యంగా ఊగడం గురించి ఒక మాట చెప్పాలి. వైఫై ఎంత చక్కబెట్టినా, బటన్ నొక్కిన సంగతి హెడ్‌సెట్ ద్వారా కన్సోల్‌కు వెళ్లి, ఆ ఫ్రేము వీడియోగా కుదించబడి, తిరిగి వచ్చి, హెడ్‌సెట్‌లో విప్పబడి కంటికి చేరాలి. ఈ ఆలస్యం తగ్గుతుందే గానీ పోదు. కథ ప్రధానంగా సాగే ఆటల్లో దీన్ని మరిచిపోవచ్చు, క్రికెట్‌లోనూ ఫైటింగ్ ఆటల్లోనూ మరవలేము.

అందుకే నేను వైరు పద్ధతికి మారాను. మెటా సంస్థ 2024లో క్వెస్ట్ కోసం హెచ్‌డీఎమ్ఐ లింక్ అనే యాప్ విడుదల చేసింది. కన్సోల్ హెచ్‌డీఎమ్ఐ తీగను ఒక క్యాప్చర్ కార్డుకు (హెచ్‌డీఎమ్ఐ బొమ్మను యూఎస్‌బీలోకి మార్చే చిన్న పరికరం), ఆ కార్డును యూఎస్‌బీ తీగతో హెడ్‌సెట్‌కు కలిపితే ఆట 1080పీ (ఫుల్ హెచ్‌డీ) స్పష్టత వరకు తెర మీదికి వస్తుంది. వైఫై ప్రసక్తే ఉండదు. పైగా కంట్రోలర్ నేరుగా కన్సోల్‌కే జతపడి ఉంటుంది కాబట్టి బటన్ల వైపు ఆలస్యం టీవీ ముందు ఆడినప్పటిలాగే ఉంటుంది. మీరు అమ్మగారి పక్కనే సోఫాలో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుకోవచ్చు, టీవీ సెట్‌టాప్ బాక్స్‌తో తన పని తాను చేసుకుంటుంది.

కార్డు కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. నేను మొదట అట్ట మీద 4కె అని రాసి ఉన్న చౌక కార్డు కొని మోసపోయాను. అది 4కె బొమ్మను లోపలికి తీసుకుంటుందే తప్ప, బయటికి ఇచ్చేది 1080పీలో సెకనుకు 30 ఫ్రేములే. కారణం యూఎస్‌బీ 2.0. కుదించని 1080పీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రావాలంటే దాదాపు 2 గిగాబిట్ల దారి కావాలి, యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లు మాత్రమే. యూఎస్‌బీ 3.0 కార్డు, అదీ యూవీసీ (యూఎస్‌బీ వీడియో) ప్రమాణం పాటించేది, 60 ఫ్రేములు బయటికి ఇస్తుందని స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి.

మొదటిరోజు నాకు కనబడింది నల్లటి తెర. కార్డు చెడిపోయిందనుకుని వెనక్కి పంపబోయాను. తీరా చూస్తే ప్లేస్టేషన్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎమ్ఐ అనే చోట హెచ్‌డీసీపీ ఆన్‌లో ఉంది. నకలు తీయకుండా ఆపే ఆ రక్షణను ఆఫ్ చేయగానే బొమ్మ వచ్చింది. ఆఫ్‌లో ఉన్నంతసేపు కన్సోల్‌లోని సినిమా యాప్‌లు పనిచేయవని గుర్తుంచుకోండి.

తుంగభద్ర తీరం

బందరు కాలువ గారికి తెర పరిమాణం గురించి రెండు మాటలు చెప్పాలనిపించింది, ఎందుకంటే నేను ఇదే హెడ్‌సెట్‌తో నెల రోజులు కళ్లు నొప్పి పెట్టించుకున్నాను. తెరను ఎంత పెద్దది చేస్తే అంత బాగుంటుందని మనకు అనిపిస్తుంది. క్వెస్ట్ 3 కంటి చూపులో ఒక్కో డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) చూపగలదు. తెర 60 డిగ్రీల వెడల్పు ఆక్రమిస్తే అందులో పట్టేవి 1500 పిక్సెళ్లు, అంటే 1920 పిక్సెళ్ల వెడల్పు ఉన్న 1080పీ బొమ్మ కూడా పూర్తిగా పట్టదు. అన్నీ పట్టాలంటే తెర 77 డిగ్రీల దాకా పెరగాలి. అప్పుడు మూలల్లోని స్కోరు చూడటానికి ప్రతిసారీ తల తిప్పాలి. అందువల్ల 4కె కోసం ఆరాటపడటం అనవసరం. నేను 60, 65 డిగ్రీల మధ్య ఉంచి, ఆటలోని అక్షరాల పరిమాణాన్ని పెద్దది చేసుకుంటాను. తెర తలతో పాటు కదలకుండా గదిలో ఒకచోట నిలిచి ఉండేలా పెట్టుకోండి, నాకు తల తిరగడం దానితోనే తగ్గింది.

ఇంకొకటి. బంతి వెంట కెమెరా పరుగెత్తేటప్పుడు బొమ్మ సన్నగా వణికినట్టు ఉంటే, అది వైఫై తప్పు కాకపోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే బొమ్మను 90 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 90 సార్లు మారుతూ, నడిచే తెర చూపించాలంటే ఒక ఫ్రేమును ఒకసారి, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపించక తప్పదు. ఆ అసమానతే కంటికి వణుకుగా తెలుస్తుంది. 120 హెర్ట్జ్ ఎంపిక కనబడితే పెట్టుకోండి, అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు వస్తుంది.

బందరు కాలువ

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం 20 మీటర్ల క్యాట్ 6 కేబుల్ తెచ్చి, గుమ్మం నుంచి టీవీ దాకా నేనే క్లిప్పులు కొట్టాను. హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, చానెల్ 36 పెట్టాను. తలుపు మూసి 40 నిమిషాలు ఆడితే బొమ్మ రెండేసార్లు ఆగింది, రెండూ క్షణంలో సర్దుకున్నాయి. బీరువాను అటు గోడకు జరిపాక సోమవారం గంటసేపు ఒక్కసారి కూడా ఆగలేదు. తెరను కొంచెం చిన్నది చేశాక స్కోరు చదవడానికి తల తిప్పవలసిన అవసరమూ లేకుండా పోయింది. స్పిన్ బౌలింగ్ ఆడగలుగుతున్నాను. ఫాస్ట్ బౌలర్ వస్తే మాత్రం ఇప్పటికీ షాటు కాస్త ముందుగానే మొదలుపెట్టాల్సి వస్తోంది కాబట్టి, సీలేరు గారు చెప్పిన వైరు పద్ధతి కూడా ప్రయత్నిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. హెడ్‌సెట్‌కు ఉన్నది ఒకే టైప్ సి పోర్టు. దానికి కార్డు కలిపితే చార్జింగ్ ఎలా?

సీలేరు

బ్యాటరీ మామూలుగా 2 గంటలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది కాబట్టి చిన్న మ్యాచ్‌లకు చార్జింగ్ అవసరం పడదు. మూడు గంటలూ ఆడాలంటే, పవర్ డెలివరీ (చార్జింగ్) పోర్టుతో పాటు యూఎస్‌బీ 3.0 పోర్టు కూడా ఉన్న టైప్ సి హబ్ ఒకటి తీసుకోండి. చార్జర్‌ను ఒక వైపు, కార్డును మరో వైపు కలిపి, హబ్ తీగను హెడ్‌సెట్‌కు పెట్టాలి. హబ్‌ను తలకు వేలాడదీయకుండా చొక్కా జేబులో పెట్టుకుంటే తల తిప్పినప్పుడు పోర్టు మీద బరువు పడదు.