బిగ్‌హార్న్ అనే కొండగొర్రె వేటకి తోడు రమ్మంటున్నారు, వెళ్ళనా?

చాండ్లర్_చిన్నోడు:
ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయనకి 22 ఏళ్ళు అప్లై చేయగా చేయగా ఈసారి అరిజోనా లాటరీలో డెజర్ట్ బిగ్‌హార్న్ ట్యాగ్, అంటే వేట పర్మిట్, తగిలింది, మనిషి నేల మీద నిలబడట్లేదు. డిసెంబర్‌లో వారం పాటు కోఫా కొండల్లో క్యాంపు, నువ్వూ రా, తుపాకీ పట్టుకోనక్కర్లేదు, కళ్ళు తెచ్చుకుంటే చాలు అంటున్నాడు. నేను కోడిని కూడా కోసినవాణ్ణి కాదు. ఒక్క గొర్రె కోసం అన్నేళ్ళు ఎదురుచూడటం ఏంటి? ఎవరైనా వెళ్ళారా?

రాళ్ళదారి:
వెళ్ళాను తమ్ముడూ, ఇలాగే తోడుగా. అరిజోనాలో మనిషికి జన్మలో ఒక్క డెజర్ట్ బిగ్‌హార్న్ మాత్రమే, అదీ పొట్టేలు. ట్యాగ్ రాని ఏడాదికి, లాటరీలో ఛాన్స్ పెంచే బోనస్ పాయింటు వేస్తారు, అలా పోగేసుకుంటూ ముసలివాళ్ళయిపోతారు.

వేటంటే కాల్చడం అనుకుంటాం గానీ ఎక్కువసేపు కూర్చుని చూడటమే. తెల్లారకముందే గట్టెక్కి, ట్రైపాడ్ మీద బైనాక్యులర్ పెట్టి, ఎదుటి కొండని రాయి రాయీ వెతకాలి. అవి రాతిరంగులోనే ఉంటాయి, అటు తిరిగినప్పుడు వెనక తెల్లమచ్చ కనిపిస్తే దొరికినట్టు. మొదటిరోజు మావాడు 11 చూశాడు, నాకు ఒక్కటీ కనపడలా. కనపడ్డాక కూడా తొందరపడరు, కొమ్ము మీద వలయాలు లెక్కేసి వయసు చూస్తారు, ముసలిదాని కొమ్ము కొసలు అరిగి మొద్దుబారి ఉంటాయి.

నీళ్ళు రోజుకి 4 లీటర్లు, అడుగు మందంగా ఉన్న బూట్లు, ఒక దువ్వెన. నవ్వకు, చోయా అనే ఎడారి కాక్టస్ ముళ్ళు ఒంటికి అంటుకుంటే దువ్వెనతోనే లాగాలి.

పచ్చనాకు:
గోడకి తలకాయ తగిలించుకోడానికి ఇంత హంగామానా? మన దగ్గర దుప్పిని కొడితే 1972 చట్టం కింద జైలు. పైగా 1939లో కోఫాని రెఫ్యూజ్, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం, చేసిందే ఆ గొర్రెల కోసం కదండీ, అందులోనే వేటేంటి?

రాళ్ళదారి:
తలకాయ సంగతి నాకూ నచ్చదండీ, తుపాకీ పేలినప్పుడు కడుపులో దేవింది. కానీ వేటకి ఇచ్చే ట్యాగులు చాలా కొద్ది. కోఫాలో 2000లో 800 దాకా ఉన్నవి 2006కి 400 లోపుకి పడిపోతే అప్పుడు జనం వాదించుకున్నది కరువు గురించీ వాటిని తినే మౌంటెన్ లయన్ల (ప్యూమాల) గురించీ. వేరేచోట్ల పెంపుడు గొర్రెల నుంచి అంటుకునే న్యుమోనియా మందలకి మందల్నే తుడిచేస్తుంది. ఎండల్లో కొండల మీది తొట్లకి నీళ్ళు చేరేసేవాళ్ళలో ఈ వేటగాళ్ళ సంఘాలవాళ్ళే ఎక్కువ. ఇది మాత్రం ఒప్పుకోవాలి.

చిన్నోడా, తినే మాంసం అక్కడ వదిలేసి రావడం నేరం. పెద్ద పొట్టేలు 70, 80 కేజీలుంటుంది, ఆ రాళ్ళల్లో భుజాల మీద దింపాలి. కళ్ళు చాలన్నాడా? వీపు కోసం పిలిచాడు.

మావయ్య_మెసా:
హెచ్1బీ మీద ఉంటే సరదాకి కూడా తుపాకీ ముట్టుకోకు బాబూ. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, లేకపోతే ఫెడరల్ కేసు, వీసా గోవిందా.

చాండ్లర్_చిన్నోడు:
హెచ్1బీనే మావయ్యా, ముట్టుకోను. వెళ్తున్నా. నాకు బట్టతల, దువ్వెన కొనాలి.