కాజాలో ఆగాను, మనసు కుదుటపడటం లేదు. అక్కడ ఎక్కువ రోజులు ఉన్నవాళ్లు చెప్పండి

నల్గొండ_కుర్రాడు:
మార్చిలో ఇంటి నుంచి బయల్దేరాను, ఆరు నెలలైంది. వారం క్రితం మనాలి నుంచి కుంజుం కనుమ దాటి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలోకి వచ్చి కాజాలో గది తీసుకున్నాను. ఒక నెల ఉందామని ప్లాన్. మొదటి రెండు రోజులు ఆ కొండల్ని చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు చెట్టన్నది లేని ఆ మట్టిరంగు చూస్తే దిగులేస్తోంది. మధ్యాహ్నం దాటితే చాలు గాలి లేచి కళ్లల్లో, అన్నంలో, పక్కబట్టల్లో అంతా దుమ్మే. ముక్కు లోపల ఎండిపోయి పొద్దున్నే కాస్త రక్తం కనిపిస్తోంది. తలనొప్పి తగ్గింది కానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మ్యాగీ, థుక్పా (నూడుల్స్ సూప్) తిని తిని నోరు చచ్చిపోయింది. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటున్నాను. ఇంటికి వెళ్లిపోవాలని లేదు, ఇక్కడే ఎలా నిలదొక్కుకోవాలో చెప్పండి.

సికింద్రాబాద్_అక్క:
తమ్ముడూ, నేనక్కడ రెండు సెప్టెంబర్లు ఉన్నాను. నీకు ముందు కావాల్సింది అన్నం. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో ఎంతసేపు పెట్టినా బియ్యం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు అసలు మెత్తబడదు. నేను మొదటి వారం బియ్యం మంచిది కాదేమో అనుకున్నాను! కుక్కరుంటే సరిపోతుంది. హోటల్ గది వదిలేసి ఏదైనా ఇంట్లో గదికి మారు, వంటింటి మధ్యలో తందూర్ ఉన్న ఇల్లు చూసుకో. తందూర్ అంటే రొట్టెల పొయ్యి కాదు, గొట్టం పైకప్పులోంచి బయటికి పోయే ఇనుప కట్టెల పొయ్యి. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. నువ్వూ వెళ్లి కూర్చో, భాష రాకపోయినా ఫర్వాలేదు.

మా ఇంటావిడ బఠాణీలు వలుస్తుంటే నేనూ ఒక పళ్లెం తీసుకున్నాను, మర్నాటి నుంచి నన్ను అతిథిలా చూడటం మానేశారు. నాకు కావాల్సింది అదే. పెరుగు కూడా అక్కడే తోడేశాను. స్టీలు డబ్బాకి శాలువా చుట్టి తందూర్ పక్కన పెడితే మొదటి రాత్రి పాలు పాలలాగే ఉన్నాయి, రెండో రాత్రి పొయ్యికి ఇంకాస్త దగ్గరగా జరిపాను, పొద్దున మూత తీస్తే గట్టిగా తోడుకుని ఉంది. ఆ పూట పెరుగన్నం తింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ముక్కుకి కొబ్బరినూనె రాయి. చలికి సీసాలో రాయిలా గడ్డకడుతుంది, అదీ తందూర్ దగ్గరే పెట్టు.

వైజాగ్_రైడర్:
అక్క చెప్పింది నిజమే, కానీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు బ్రో. కాజా దాదాపు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది, పడుకున్నాక ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం ఆ ఎత్తులో చాలామందికి జరుగుతుంది. ఇంకో మూడు నాలుగు రోజుల్లో సర్దుకోకపోతే టాబోకి దిగు, యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, ఎత్తు 3,280 మీటర్లు. క్రీ.శ. 996లో కట్టిన మట్టి గోడల మఠం, ఆపిల్ తోటలు ఉన్నాయి, పచ్చదనం కంటికి తగులుతుంది. వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు, కాజా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని కిందికి వచ్చేయ్.

కర్నూలు_సోలో:
గదిలో కూర్చుంటే దిగులే వస్తుంది అన్నా. హిక్కిం పోస్టాఫీసు, లాంగ్జా, కోమిక్ ఒకే రోజులో చుట్టేయ్.

సికింద్రాబాద్_అక్క:
వద్దు. ఆరు నెలల నుంచి అతను చేస్తున్నది అదే కదా, రోజుకో చోటు. అవన్నీ 4,400 మీటర్ల చుట్టుపక్కల ఊళ్లు, నిద్రలేని మనిషిని ఇంకా పైకి పంపడమెందుకు? రోజూ పొద్దున్నే స్పితి నది దాకా నడిచి, వచ్చేటప్పుడు ఒకే కొట్టులో టీ తాగు. నాలుగో రోజుకి నువ్వు అడగకుండానే గ్లాసు పెడతారు. ఇంకోటి, అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. ఆమెకి నీ గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది.

నల్గొండ_కుర్రాడు:
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. పాత కాజాలో ఒక ఇంటికి మారాను. అమ్మకి చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కుక్కర్ ఎన్ని విజిల్స్ పెట్టాలో చెప్పింది. ఆరు పెట్టాను, పప్పు మెత్తగా ఉడికింది. నిన్న రాత్రి నాలుగున్నర దాకా పడుకున్నాను. ఇంటాయన రేపు బార్లీ కోతకి వస్తావా అని అడిగారు, వస్తానన్నాను. అక్కా, పెరుగు మాత్రం ఇంకా తోడుకోలేదు, డబ్బా పొయ్యికి ఎంత దగ్గరగా పెట్టావు?