చెత్తను కాల్చి కరెంటు: మా మున్సిపాలిటీ ఒప్పుకోవచ్చా?

మూడోవార్డు (శుక్రవారం, రాత్రి 9.40)
మా పట్టణంలో రోజుకు నలభై టన్నుల చెత్త పోగవుతుంది. ఇన్నాళ్ళూ చెరువు అవతల పోసేవారు. ఎండాకాలంలో దానంతట అదే అంటుకుంటే ఫైరింజను వచ్చేది. ఇప్పుడు ఆ చెత్తనంతా లారీల్లో యాభై కిలోమీటర్ల దూరంలో కట్టబోయే ప్లాంటుకు పంపి, కాల్చి కరెంటు తీస్తారట. గుంటూరు, విజయవాడల చెత్త కొండవీడు దగ్గరి ప్లాంటుకు వెళ్తోంది కదా, అలాంటిదే. రవాణా ఖర్చు మాదే. వచ్చే వారం కౌన్సిల్లో పెడుతున్నారు. మా కౌన్సిలరు తెలిసినవాడే, అడగవలసినవి ఉంటే ఇప్పుడే అడగాలి. ఒప్పుకోవచ్చా?

పాత బాయిలరు (రాత్రి 10.15)
కళ్ళు మూసుకుని ఒప్పుకోండి. ఒక థర్మల్ కేంద్రంలో 31 ఏళ్ళు బాయిలరు పక్కనే గడిపినవాడిని చెబుతున్నాను, చెత్త కూడా ఇంధనమే. నాసిరకం బొగ్గు అనుకోండి. లారీలు తెచ్చినదాన్ని పెద్ద గోతిలో గుమ్మరించి అయిదారు రోజులు వదిలేస్తారు. నీరు అడుగుకు దిగిపోతుంది, లోపల పుట్టే వేడికి కొంత ఆరుతుంది. క్రేను దాన్ని గోళ్ళతో ఎత్తి, మెల్లగా ముందుకు జరిగే ఇనుప జాలీ మీద వేస్తుంది. పొగ కనీసం 850 డిగ్రీల వేడిలో రెండు సెకన్లు నిలిస్తే విషాలు చాలావరకు విడిపోతాయి. ఆ తరువాత ఆవిరి, టర్బైను, అంతా మామూలు కథే. నూరు టన్నులు లోపలికి వెళితే పాతిక టన్నుల బూడిద మిగులుతుంది. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన ప్లాంటు ఇలాగే నడుస్తోంది. చెరువు గట్టున అంటుకుని మండే చెత్తకు చిమ్నీ లేదు, వడపోతా లేదు. రెంటిలో ఏది నయమో మీరే చెప్పండి.

కొలతలు (రాత్రి 10.50)
ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. 3.75 మెగావాట్లు రావాలి. నడిచింది 21 రోజులు. కిలో చెత్తకు సుమారు 1,460 కిలోకేలరీలు వస్తాయని డిజైన్ చేస్తే, అందులో సగం కూడా రాలేదు. మన చెత్తలో సగం నీళ్ళే. మిగిలిన అన్నం, అరటి బోదెలు, కొబ్బరి బొండాలు. కొబ్బరి బొండం మండుతుందా అండీ?

పాత బాయిలరు (రాత్రి 11.05)
మండుతుంది. మా అమ్మ నీళ్ళపొయ్యి సగం కాలం దానితోనే వెలిగింది.

కొలతలు (రాత్రి 11.09)
ఎండబెట్టాక. నేను అడిగింది పచ్చి బొండం సంగతి. 21 రోజులకు సమాధానం రాలేదు.

పాత బాయిలరు (రాత్రి 11.31)
1987 నాటి మాట పట్టుకుని వేలాడితే ఎలా? సరే, లెక్క వేద్దాం. పచ్చి బొండంలో ముప్పాతిక నీళ్ళు అనుకుందాం. కిలోలో 250 గ్రాములు పొడి పీచు, దాని నుంచి సుమారు 1,000 కిలోకేలరీలు. మిగతా 750 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి 450 పోతాయి. ఇంకా 550 మిగిలింది. కనుక మండుతుంది. ఇక ఆపండి.

కొలతలు (శనివారం, ఉదయం 6.20)
ఆపను. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చూడండి. కిలోకు 1,500 కిలోకేలరీలు, ఆపైన ఉండి తిరిగి వాడుకోలేని చెత్తను పాతిపెట్టకుండా ఇంధనంగా వాడాలన్నాయి. మీ బొండం 550 దగ్గరే ఆగింది. అంటే మీ లెక్క ప్రకారమే అది ఆ గోతిలోకి రాకూడదు. వస్తోందంటే ఇంట్లో వేరు చేయలేదన్నమాట. వేరు చేస్తే మండించడానికి మీకు మిగిలేది ప్లాస్టిక్కూ గుడ్డపీలికలూనే.

సైకిలుగంట (ఉదయం 7.02)
మా వీధి చివర బొండాలాయన ఈ చర్చ చదివితే బాగుండును.

పెరటితోట (ఉదయం 8.45)
వేరు చేయడం గురించి నేను చెబుతాను. నాలుగేళ్ళుగా మా ఇంట్లో తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో. ఉల్లిపొట్టు ఎందులో వెయ్యాలని మా అత్తగారితో ఒకరోజంతా మాటలు లేవు. వచ్చే ఆటోకు రెండు అరలు ఉన్నాయి. అబ్బాయి రెండు బుట్టలూ ఒకే అరలో బోర్లిస్తాడు. అదేమిటని అడిగితే, "రెండో అర తలుపు విరిగిందమ్మా" అన్నాడు. తలుపు విరిగి రెండేళ్ళయింది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల కుళ్ళిన కూరగాయలతో బయోగ్యాస్ చేసి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు. తడి చెత్తకు కాల్చడం అక్కరలేదు, కుళ్ళితే చాలు. సిద్దిపేటలోనూ తడి చెత్త నుంచి గ్యాస్ చేస్తున్నారు. సూర్యాపేట ఇరవై ఏళ్ళ కిందటే వీధుల్లో కుండీలు తీసేసి పేరు తెచ్చుకుంది. మన ఊళ్ళే చేశాయి కదా?

పాత బాయిలరు (ఉదయం 9.10)
విరిగిన తలుపే నా వాదన. మనుషుల మీద ఆధారపడే పద్ధతి తలుపు దగ్గరే ఆగిపోయింది. యంత్రం ఏది వేస్తే అది తింటుంది. పైగా బోయిన్‌పల్లిది మార్కెట్టు, వచ్చేదంతా కూరగాయలే. అందులో డైపర్లు, బ్లేడ్లు, పగిలిన సీసాలు ఉంటే ఆ గ్యాస్ ప్లాంటు ఎన్నాళ్ళు నడుస్తుందో చూద్దాం.

కొలతలు (ఉదయం 9.40)
యంత్రం తినేదానికి బిల్లు ఎవరు కడుతున్నారో కూడా చెప్పండి. 2015-16కు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి చెత్త కరెంటుకు యూనిట్ 7.04 రూపాయలు, చెత్త నుంచి తయారుచేసిన ఇంధనమైతే 7.90 అని లెక్క కట్టింది. 2016 టారిఫ్ విధానం ప్రకారం ఆ కరెంటు మొత్తం డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కొని తీరాలి. సౌర విద్యుత్తు వేలంలో మూడు రూపాయల లోపే పలికింది. ఇది కరెంటు కోసం కట్టే ప్లాంటు కాదు. చెత్త పారేసినందుకు మనం కట్టే రుసుము, కరెంటు బిల్లులో దాక్కుని వస్తుంది.

పాత బాయిలరు (ఉదయం 9.52)
రుసుమే అనుకోండి. ఆసుపత్రికి లాభం వస్తోందా అని అడుగుతామా? మీరిప్పుడు బొండం వదిలేసి బిల్లు పట్టుకున్నారు.

కొలతలు (ఉదయం 9.55)
బొండం వదల్లేదు.

నిర్వాహకులు (ఉదయం 10.00)
కొబ్బరి బొండాలకు కావాలంటే విడిగా చర్చ తెరుచుకోండి.

గాలివాటం (ఉదయం 11.26)
నిన్న రాత్రి నుంచి చదువుతున్నాను. పచ్చిదా, ఎండుదా, ఎన్ని కేలరీలు. బాయిలరు గారు ఒక్క ముక్క రాసి దాటిపోయారు: "నీరు అడుగుకు దిగిపోతుంది." ఆ తరువాత అది ఎక్కడికి వెళ్తుంది?

మేం ఒక నగరం అంచున డంపింగు యార్డుకు దిగువన ఉంటాం. పేరు రాయను, ఇల్లు అమ్ముకోవలసి వస్తే కొనేవాడు ఇది చదవకూడదు. మా బోరు నీళ్ళు పొద్దున బిందెలో తేటగా ఉంటాయి, మధ్యాహ్నానికి టీ రంగుకు తిరుగుతాయి. బిందె అంచున నూనెలాంటి చార పడుతుంది. అన్నం వార్చుకోవడానికి క్యాను నీళ్ళు కొంటున్నాం. మా పిల్ల బడిలో వాళ్ళ ఊరు పేరు చెప్పదు, పక్క కాలనీ పేరు చెబుతుంది. చెత్త ప్లాంటుకు వెళ్ళడం మొదలైతే వాసన పోతుందన్నారు. కొంత తగ్గింది, కాదనను. కానీ లారీలు పెరిగాయి.

పాత బాయిలరు (ఉదయం 11.50)
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పేది పాత గుట్ట నుంచి దిగిన ఊట. ప్లాంటు గోతికి కాంక్రీటు ఉంటుంది, దిగిన నీటిని శుద్ధి చేస్తారు. రెంటినీ కలపకండి. బాయిలరు సంగతి తెలియనివారు పొగ కనిపిస్తే చాలు భయపడతారు. ఢిల్లీ ఓఖ్లా ప్లాంటు 2012 నుంచి ఇళ్ళ మధ్యే నడుస్తోంది.

కొలతలు (ఉదయం 11.58)
అదే ఓఖ్లా ప్లాంటుకు 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 25 లక్షల రూపాయల పరిహారం విధించింది. అది కూడా చెప్పాలి.

పాత బాయిలరు (మధ్యాహ్నం 12.04)
మూసేయమనలేదు. అది కూడా చెప్పాలి.

గాలివాటం (మధ్యాహ్నం 12.31)
నన్ను అమ్మా అనకండి. నేను కెమిస్ట్రీ టీచరును. పొగను చూసి కాదు, కొలవని పొగను చూసి భయం. ధూళిని, ఆమ్ల వాయువులను చిమ్నీలో నిరంతరం కొలుస్తారు. చెత్త కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లనే విషాలకు మాత్రం ఎప్పుడో ఒకసారి నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. ఘనమీటరుకు 0.1 నానోగ్రాము దాటకూడదు. నమూనా తీసే రోజు ఫలానా అని ముందే తెలిస్తే ఆ రోజు పొడి చెత్తే వేస్తారు కదా? మీరు చెప్పిన పాతిక టన్నుల బూడిదలో వడపోత సంచుల్లో చిక్కే సన్న బూడిద ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. దాన్నెక్కడ పెడతారో మీరు రాయలేదు.

మీ థర్మల్ కేంద్రం పక్క ఊళ్ళో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు దులిపి మడత పెట్టేవారు. మా మేనత్త అలాంటి ఊళ్ళోనే ఉండేది. మీ క్వార్టర్స్ గాలికి ఏ వైపు ఉండేవి?

మూడోవార్డు (మధ్యాహ్నం 12.40)
అయ్యా, అమ్మా, నేను అడిగింది కౌన్సిల్ సంగతి.

సైకిలుగంట (మధ్యాహ్నం 12.44)
ఆవిడను అమ్మా అనవద్దన్నారు.

పాత బాయిలరు (మధ్యాహ్నం 3.20)
గాలి వచ్చే వైపు. బూడిద మా ఇళ్ళ మీద పడేది కాదు. కట్టేటప్పుడే అలా చూసి కట్టారు. ఊరు అంతకు ముందునుంచే ఉంది, దాన్ని జరపలేరు కనుక అలాగే వదిలేశారు. మీరు అడిగారు కాబట్టి చెప్పాను. దీనికీ చెత్తను కాల్చవచ్చా లేదా అన్నదానికీ సంబంధం లేదు.

గాలివాటం (మధ్యాహ్నం 3.41)
నాకు ఉన్న సంబంధం అదొక్కటే. కాల్చవద్దని నేను ఇంతవరకు ఎక్కడా అనలేదు, పైకి వెళ్ళి చూసుకోండి. చెరువు గట్టున కాల్చడం కన్నా మేలే. మూడోవార్డు గారి నలభై టన్నులు యాభై కిలోమీటర్లు దాటి ఇంకొకరి ఊరి పక్కకు వెళ్తాయి. ఆ ఊరివాళ్ళను ఎవరు అడిగారు? సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో డంపింగు యార్డు వద్దని 2025లో నల్లవల్లి జనం రోడ్డెక్కింది ఇందుకే. కేలరీల కోసం కాదు.

పెరటితోట (సాయంత్రం 4.10)
నా ఉల్లిపొట్టు ఏ ఊరికి వెళ్తోందో నాలుగేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

కొలతలు (సాయంత్రం 4.35)
సరే, నిజం చెబుతాను. మా తమ్ముడి పొలం అలాంటి ఒక ప్లాంటు కోసం అడుగుతున్న భూమికి ఆనుకుని ఉంది. కేలరీల మాట ఎత్తితే ఎవరైనా వింటారేమో అనుకున్నాను. పొలం మాట ఎత్తితే "నీ స్వార్థం" అంటారు కదా.

పాత బాయిలరు (సాయంత్రం 4.50)
ముందే అని ఉంటే బొండాలు ఆరబెట్టే పని తప్పేది.

మూడోవార్డు (ఆదివారం, ఉదయం 8.15)
నిన్న రాత్రి కౌన్సిలరుతో మాట్లాడాను. గోతిలోంచి దిగే నీరు ఎక్కడికి పోతుంది, సన్న బూడిద ఎవరు తీసుకుంటారు, రోజుకు నలభై టన్నులకు తగ్గితే మేం జరిమానా కట్టాలా, అన్నీ అడిగాను. రాసుకున్నాడు. చివర్లో ఆ ఊరు గాలికి ఏ వైపున ఉందని అడిగితే నవ్వాడు. "అది మన మండలం కాదు కదా అన్నా" అన్నాడు.

పాత బాయిలరు (ఉదయం 8.52)
ఆ స్థలానికి దగ్గరి ఊరి పేరు నాకు విడిగా పంపండి. జూన్‌లో గాలి ఎటు, డిసెంబరులో ఎటు అన్నది నేను చూసి చెబుతాను.