అప్‌డేట్: నీళ్లు చూస్తే ఆగిపోయే మా చుక్క దిగింది

రెండు నెలల కిందట అడిగాను, మా ఆడగుర్రం చుక్క క్రాస్‌కంట్రీలో (బయట మైదానంలో అడ్డంకులు దాటుతూ పరుగెత్తే రౌండ్‌లో) మిగతావన్నీ దూకుతుంది కానీ నీళ్ల గుంట దగ్గరికి రాగానే కాళ్లు బిగబట్టి నిలబడిపోతుంది, ఏం చేయాలి అని. కొరడా ముట్టుకోవద్దు, నీళ్లకు అలవాటైన గుర్రం వెనకాల నడిపించు అని ఎక్కువమంది చెప్పారు. అదే చేశాను.

ప్రతి ఆదివారం తెల్లవారుజామునే కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు, అడుగున గట్టి ఇసుక ఉండి మోకాలి లోతు కూడా లేని చోటికి వెళ్లేవాళ్లం, చిన్నాన్న తన ముసలి గుర్రంతో ముందు దిగేవాడు, వెనక మేము. మూడు వారాలు చుక్క తల వంచి నీళ్ల మీద బుస్సుమని ఊదడం, ముందు కాలితో తపతపా కొట్టడం, అంతే. నాలుగో వారం దిగింది, ఇక బయటికి రానంటుంది!

మొన్న హైదరాబాద్‌లో మూడు రౌండ్ల గుర్రపు పోటీ, పెనాల్టీలు ఎంత తక్కువైతే అంత మంచిది. అక్క, ఇద్దరు ఫ్రెండ్స్ కూడా పాల్గొన్నారు. డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రాన్ని చెప్పిన కదలికల్లో నడిపి చూపించే రౌండ్‌లో, నాకు 38.5 పెనాల్టీలు. క్రాస్‌కంట్రీలో నీళ్ల దగ్గర ఒకసారి ఆగింది, 20 పడ్డాయి. మళ్లీ ఆగితే ఇంకో 40, ఆ టెన్షన్‌కి చేతులు చెమట పట్టాయి, అయినా కళ్లెం లాగకుండా చూపు అవతలి గట్టు మీదే పెట్టి తిప్పి తెచ్చాను. దిగింది! అక్క అరుపు ఇంకా చెవిలో ఉంది. షో జంపింగ్‌లో, అంటే కర్రల అడ్డాలు దూకే రౌండ్‌లో, ఒక కర్ర పడి 4, మొత్తం 62.5.

చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. ఈ ఆదివారం కూడా ఏటికి పోతున్నాం, ఈసారి చుక్క ముందు, చిన్నాన్న వెనక.