నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ చేయించుకోవచ్చా? తిరుపతి, చిత్తూరు వారి అనుభవాలు కావాలి

తిరుచానూరు వాసి:
అందరికీ నమస్కారం. మా వారు తిరుమల ఘాట్‌రోడ్డు మీద బస్సు నడుపుతారు. నడుము పట్టేయడంతో మొదలైన నొప్పి ఇప్పుడు కుడి పిరుదు మీదుగా, తొడ వెనుక నుంచి పిక్క దాకా లాగుతోంది. దగ్గినా తుమ్మినా కాలిలోకి జివ్వుమని పాకుతోందని అంటున్నారు. స్కానింగ్‌లో నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని తాకుతోందని రాశారు. మందులు వాడినంతకాలం తగ్గి, డ్యూటీకి వెళ్లగానే తిరగబెడుతోంది. బెంగళూరులో కైరోప్రాక్టర్ (వెన్నుపూసలను చేత్తో నొక్కి కదిలించే చికిత్స చేసేవారు) దగ్గర చూపించుకుంటే నయమవుతుందని మా ఆడపడుచు వాళ్లు చెబుతున్నారు గానీ, మనిషిని పక్కకు తిప్పి ఒక్కసారిగా నొక్కగానే టక్కుమని చప్పుడు వచ్చే ఆ వీడియోలు చూస్తే నాకు భయం వేస్తోంది. మా మామగారేమో పుత్తూరుకు వెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. చేయించుకున్నవారు అక్కడ ఏం చేశారో, ఉపశమనం ఎంతకాలం నిలిచిందో దయచేసి వివరంగా రాయండి.

పలమనేరు పాడిరైతు:
అమ్మా, నేను బెంగళూరులో చేయించుకున్నాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. పాల క్యాన్లు ఎత్తి ఎత్తి నా నడుము దెబ్బతింది. ఆయన వెంటనే చేయి వేయలేదు. ముందు చాలాసేపు ప్రశ్నలు అడిగారు: రాత్రి నిద్రలో నొప్పి లేపుతోందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, మూత్రం వచ్చేది తెలుస్తోందా అని. తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు నిటారుగా పైకి లేపి, ఏ ఎత్తులో నొప్పి మొదలవుతోందో చూశారు. చిన్న సుత్తితో మోకాలి కింద, మడమ పైన తట్టారు. కాలి బొటనవేలిని తన వేలితో కిందికి అదిమి, దాన్ని ఎదిరించి పైకి ఎత్తమన్నారు. ఇవన్నీ అయ్యాకే ఒక పక్కకు పడుకోబెట్టి, పై మోకాలు వంచి, భుజాన్ని ఒక వైపు, నడుమును మరో వైపు తిప్పి నొక్కారు. చప్పుడు వచ్చింది గానీ నొప్పి పుట్టలేదు. బయటికి వచ్చేసరికి నడుము తేలికపడి, నిటారుగా నడవగలిగాను.

అయితే ఆ హాయి కొద్ది రోజులే ఉంది. మళ్లీ వెళ్లినప్పుడూ అంతే జరిగింది. నాకు నిలకడగా మేలు చేసింది ఆయనే నేర్పిన వ్యాయామాలు, క్యాన్ ఎత్తే పద్ధతి మార్చుకోవడం. క్యాన్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి లేపడం, దించేటప్పుడు నడుము మెలితిప్పకుండా పాదాలతోనే తిరగడం అలవాటు చేసుకున్నాను.

రేణిగుంట ఫిజియో:
నేను వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. మీ ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయి: ఈ పద్ధతి పనిచేస్తుందా, మీ వారికి తగినదేనా. వీటిని విడివిడిగా చూడాలి.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ పామర్ చేతుల మీదుగా మొదలైంది. పూసలు స్థానం తప్పడం వల్లనే దాదాపు అన్ని జబ్బులూ వస్తాయని ఆయన నమ్మారు. ఆ సిద్ధాంతానికి ఆధారం దొరకలేదు. అందువల్ల వెన్ను సరిచేసి షుగరు, ఉబ్బసం, బీపీ తగ్గిస్తామని చెప్పే చోట నుంచి మీరు లేచి వచ్చేయవచ్చు. కానీ నడుము నొప్పి వరకు సంగతి వేరు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు రెండింటిలోనూ చేతితో వెన్నును కదిలించే చికిత్సకు చోటు ఉంది. ప్రయోజనం ఓ మోస్తరేనని, ఆధారాలు అంత బలమైనవి కావని కూడా వాటిలోనే ఉంది. నడుము బెల్టును, బరువులతో నడుమును లాగి పెట్టే ట్రాక్షన్‌ను మామూలు చికిత్సగా వాడవద్దని 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర మాత్రం చాలామందికి మొదట అందేవి ఇవే.

ఆ టక్కుమనే చప్పుడు ఎముక చోటుకు చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గినప్పుడు గ్యాస్ బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. చప్పుడు రాకపోయినా ఉపశమనం రావచ్చు, వచ్చినా రాకపోవచ్చు. ఉబ్బిన డిస్క్‌ను చేతితో లోపలికి నెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా నిరాశ పడవలసిన పని లేదు, ఎందుకంటే బయటికి పొడుచుకు వచ్చిన డిస్క్ భాగాన్ని చాలామందిలో శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకుంటుంది.

స్కానింగ్ రిపోర్టును చూసి మాత్రమే భయపడకండి. ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కాన్లను 2015లో ఒక సమీక్ష పరిశీలిస్తే, ఇరవై ఏళ్లవారిలోనే 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. కాబట్టి ఫిల్ములో ఉన్నదీ, కాలిలో ఉన్న బాధా ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అని తేల్చేది చేత్తో చేసే పరీక్షే. పలమనేరు రైతుగారు వర్ణించింది సరిగ్గా ఆ పరీక్షనే.

గిరింపేట అమ్మాయి:
ఆ పరీక్ష లేకపోతే ఏమవుతుందో మా అమ్మ విషయంలో చూశాము. అమ్మ ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడింది. నడుము నొప్పి అంటే తెలిసినవాళ్లు ఒకరి దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన ఏ మందులు వాడుతున్నారని అడగలేదు, ఎక్స్‌రే చూడలేదు, బోర్లా పడుకోబెట్టి రెండు చేతులతో వీపు మీద బలంగా అదిమారు. ఆ రాత్రి అమ్మ పక్క మీద అటూ ఇటూ తిరగలేకపోయింది. వేలూరు ఆసుపత్రికి తీసుకెళితే ఎముకలు గుల్లబారి ఉన్నాయని, ఒక పూస నలిగిపోయిందని చెప్పారు. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు దయచేసి ఎముకల బలం సంగతి ముందే తేల్చుకోండి.

రేణిగుంట ఫిజియో:
మీ అమ్మగారికి జరిగింది చదివి చాలా బాధ కలిగింది. ఎముకలు గుల్లబారినవారికి, క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి, వెన్నుకు క్షయ సోకినవారికి, ప్రమాదంలో దెబ్బ తగిలినవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి బలంగా నొక్కే పద్ధతి తగదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి ఉంటే మన ప్రాంతంలో క్షయను తప్పక అనుమానించాలి. మెడను హఠాత్తుగా తిప్పించుకోవడం గురించి కూడా ఇక్కడే చెబుతాను: అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. నడుము కోసం వెళ్లినవారు మెడకు ఒప్పుకోవలసిన అవసరం లేదు.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేకమైన చట్టబద్ధ కౌన్సిల్ లేదు. పూర్తి శిక్షణకు కనీసం 4200 గంటల బోధన కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని అడగడం మర్యాద తప్పడం కాదు. సరిగ్గా చదువుకున్నవారు సంతోషంగా చెబుతారు.

పుత్తూరు మాస్టారు:
మా ఊరి కట్టు గురించి ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు విరిగిన కాలూ చేయీ కదలకుండా ఉంచడానికి ఉద్దేశించినది. దాని మీద మా ప్రాంతంలో తరతరాల నమ్మకం ఉంది, నాకూ గౌరవం ఉంది. కానీ తిరుచానూరు వాసి గారి ఇంట్లో ఉన్నది విరిగిన ఎముక కాదు, నరం మీద ఒత్తిడి. కదలకుండా ఉంచడం ఇక్కడ మేలు చేయదు. మీ మామగారికి ఈ తేడా నెమ్మదిగా వివరిస్తే అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

తిరుచానూరు వాసి:
అందరికీ కృతజ్ఞతలు. పైన రాసినది చదివి మా వారిని బొటనవేలు ఎత్తమన్నాను. ఎడమది గట్టిగా లేస్తోంది, కుడిది నా వేలికి సులభంగా వంగిపోతోంది. మడమల మీద నడవమంటే కుడి పాదం ముందు భాగం నేలకు ఆనుతోంది. మూత్రం, విరేచనం మామూలుగానే ఉన్నాయి.

రేణిగుంట ఫిజియో:
అమ్మా, అయితే ఇప్పుడు కైరోప్రాక్టర్ దగ్గరకూ వద్దు, నా వంటివారి దగ్గరకూ వద్దు. బలం తగ్గుతోందంటే ముందుగా ఎముకల డాక్టరో, నరాల శస్త్రచికిత్స డాక్టరో చూడాలి. రేపు ఉదయమే తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికో, స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్ములు కూడా తీసుకెళ్లండి. తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అలాంటప్పుడు ఆలస్యం చేస్తే పోయిన బలం, స్పర్శ తిరిగి రాకపోవచ్చు. ఆపరేషన్ తప్పదని ఇప్పుడే అనుకోకండి, దాన్ని పరీక్ష చేసిన డాక్టరు నిర్ణయిస్తారు. అంతవరకు బస్సు నడపకుండా సెలవు పెట్టించండి. గంటల తరబడి కూర్చోవడం, కింది నుంచి వచ్చే అదురు రెండూ డిస్క్‌కు మంచివి కావు.

కరకంబాడి నివాసి:
మా నాన్నగారిది కొంచెం వేరుగా ఉంది. డెబ్బై దాటాయి. అలిపిరి మెట్లు నిదానంగా ఎక్కగలుగుతున్నారు గానీ, దిగేటప్పుడు రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిరి పడుతున్నాయి. కాసేపు కూర్చుంటే పూర్తిగా తగ్గిపోతుంది. ఆయనకు ఈ నొక్కే వైద్యం పనికివస్తుందా?

రేణిగుంట ఫిజియో:
మీరు చెప్పిన లక్షణాలు వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైనప్పుడు కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు కాబట్టి ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, దిగేటప్పుడు నడుము వెనక్కి వంగి మూసుకుంటుంది. కాళ్లలో రక్తప్రసరణ తగ్గినా నడిస్తే నొప్పి వస్తుంది, కాబట్టి పాదాల నాడి కూడా చూపించండి. ఆ వయసులో ఎముకల సాంద్రత తెలియకుండా బలంగా నొక్కించవద్దు. ముందుకు వంగి చేసే వ్యాయామాలు, సైకిల్ తొక్కడం ఇటువంటివారికి బాగా సరిపడతాయి. మెట్లు ఎక్కాలన్న కోరిక ఉంటే ఎక్కనివ్వండి, తిరుగు ప్రయాణానికి మాత్రం కొండ మీద బస్సు ఎక్కించండి.