ప్రేమికుల రోజు ఎవరిది? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొండకింద కుర్రోడు:
ఫిబ్రవరి 14 ఇంకా రాకముందే మా గ్రూపులో రెండు ఫార్వర్డులు తిరుగుతున్నాయి. భగత్ సింగ్‌ను ఆ రోజే ఉరి తీశారు, గులాబీలు పంచుకోవడానికి సిగ్గుండాలి అని ఒకటి. మన మన్మథుడు ఉండగా రోము సెయింటు ఎందుకు అని ఇంకొకటి. రెండోదాన్ని మా నాన్న స్టేటస్ పెట్టుకున్నాడు. ఏది నిజం?

చిత్తూరు మాస్టారు:
మొదటిది పచ్చి అబద్ధం. భగత్ సింగ్‌కు శిక్ష వేసింది 1930 అక్టోబరు 7న, ఉరి తీసింది 1931 మార్చి 23న. ఏటా ఈ ఫార్వర్డును ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు, ఏటా నేను ఇదే టైప్ చేస్తుంటాను.

ఇక వాలెంటైన్ కథ. ఆ పేరుతో పాత రోములో ఒకరికి మించి సెయింట్లు ఉన్నారు. సైనికులకు దొంగచాటుగా పెళ్లిళ్లు చేశాడనే కథ చాలా శతాబ్దాల తర్వాత అతికించినది. ఆ రోజుకూ ప్రేమకూ ముడి వేసింది 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి ఛాసర్. వాలెంటైన్ రోజున పక్షులన్నీ సభ చేరి జోడీలు ఎంచుకుంటాయని ఆయన రాశాడు. క్యాథలిక్ చర్చి అయితే 1969లో తన సాధారణ క్యాలెండర్ నుంచి ఆ సెయింటు రోజును తీసేసింది. చర్చి వదిలేసినదాన్ని పట్టుకుని ఇక్కడ క్రైస్తవ పండగ అని కొట్టుకోవడం ఏమిటో.

శేషాద్రి వాసి:
మాస్టారూ, వాళ్లకు పక్షుల కవి ఉంటే మనకు అన్నమయ్య లేడా? రాగిరేకుల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. చైత్రంలో తిరుమలలో మూడు రోజులు వసంతోత్సవం చేస్తాం. విల్లు పట్టిన వాళ్ల ప్రేమదేవుడు క్యూపిడ్ కూడా మన మన్మథుణ్ణి చూసి గీసుకున్న బొమ్మే.

చిత్తూరు మాస్టారు:
అన్నమయ్య సంగతి ఒప్పుకుంటా, క్యూపిడ్ సంగతి ఒప్పుకోను. అతను గ్రీకుల ఎరోస్‌కు రోమన్ రూపం. మననుంచి పోయాడనడానికి ఆధారం ఏదప్పా? పైగా మనం మన్మథుడికి చేసేది కామదహనం. బూడిద చేసినవాడి పేరున గ్రీటింగ్ కార్డు ఎవరిస్తారు? కానీ ఒకటి. ఆయన అయిదు బాణాల్లో మామిడిపూత ఉంది. ఫిబ్రవరిలో మా ఊరి తోటల్లోకి రండి, ఆ వాసనకు మీరే ఒప్పుకుంటారు.

మొలకల చెరువు:
2023లో ఆ రోజున ఆవుల్ని కౌగిలించుకోండని జంతు సంక్షేమ బోర్డు చెప్పి, మళ్లీ వెనక్కి తీసుకుంది కదా. దానికి ఓటేసేవాళ్లు లేరా?

బస్టాండు పూలన్న:
మీ చరిత్ర నాకు తెలీదు సార్. నాకు పదమూడో తేదీ రాత్రి నిద్ర ఉండదు. హోసూరు, బెంగళూరు వైపు నుంచి అట్టపెట్టెల్లో గులాబీలు దిగుతాయి. ఇరవై కాడలు ఒక కట్ట, ఒక్కో మొగ్గకు సన్న వల తొడుగు. పిల్లకాయలు ఆ వల తీయొద్దన్నా అంటారు, పువ్వు విచ్చుకోకుండా సాయంత్రం దాకా నిలవాలని. చాక్లెట్లు మాత్రం నా దగ్గర లేవు.

పోయినేడు ఒక పెద్దాయన, అరవై దాటుంటాయి, భార్యకు ఒక్క గులాబీ కొన్నాడు. ఆమె, 'కొండకు పోతా తలలో పూలేంది, అక్కడ పూలన్నీ సామివి' అని చేతికే తీసుకోలేదు. ఆయన దాన్ని నా బండి మీద నీళ్ల బకెట్లో పెట్టి, 'దిగొచ్చినాక తీసుకుంటాం, అమ్మేయొద్దు' అన్నాడు. మర్నాడు పొద్దున వచ్చి తీసుకున్నారు. అప్పటికి వల చిరిగి పూర్తిగా విచ్చుకునింది.

చిత్తూరు మాస్టారు:
చాక్లెట్లంటే గుర్తొచ్చింది. గుండె ఆకారపు డబ్బాలో వాటిని అమ్మడం 1860లలో ఇంగ్లండులో క్యాడ్బరీ వాళ్లు మొదలుపెట్టారు. కార్డుల వ్యాపారం అంతకు ముందే, తపాలా చవకైన కొద్దీ పెరిగింది. అంటే పూలన్నకు తాతలు అక్కడ కూడా ఉన్నారు.

శేషాద్రి వాసి:
అదే నేను చెప్పేది, అంతా వ్యాపారమే!

బస్టాండు పూలన్న:
బ్రహ్మోత్సవాలకు కూడా నేను పూలమ్ముతా సార్.

కొండకింద కుర్రోడు:
నాన్నకు అంతా చదివి వినిపించాను. భగత్ సింగ్ తేదీలు సరే అన్నాడు. క్యూపిడ్ దగ్గర మాత్రం తగ్గలేదు, స్టేటస్ అలాగే ఉంది. పూలన్నా, అమ్మ మల్లెపూలు మూర ఎంతో అడగమంది.